ఐసొలేటెడ్ వేరియబుల్ సప్లైలో ఫీడ్‌బ్యాక్: గోడ దాటాల్సింది ఏది?

230 వోల్టుల మెయిన్స్ నుంచి 0–30 వోల్టులు, 0–5 ఆంపియర్లు ఇచ్చే బెంచ్ సప్లై కట్టాలనుకునేవాళ్లు ముందు ఫెర్రైట్ కోర్ గురించి, మాస్‌ఫెట్ గురించి ఆలోచిస్తారు. ఔట్‌పుట్‌ను కొలిచి పవర్‌ను సరిదిద్దే లూప్, అంటే ఫీడ్‌బ్యాక్ సంగతి వచ్చేసరికి ‘ఒక పీసీ817, ఒక టీఎల్431 పడేద్దాం’ అని తేల్చేస్తారు. పీసీ817 లోపలి ఎల్‌ఈడీ వెలుగుతో సిగ్నల్‌ను దాటించే ఆప్టోకప్లర్, టీఎల్431 ఔట్‌పుట్‌ను 2.5 వోల్టుల రెఫరెన్స్‌తో పోల్చే చిప్. ఎప్పుడూ 12 వోల్టులే ఇచ్చే అడాప్టర్‌కి ఆ జంట చాలు. నాబ్ తిప్పితే 1 నుంచి 30 దాకా మారే సప్లైకి అదే జంట తగిలిస్తే 12 దగ్గర బుద్ధిగా ఉంటుంది, 3 దగ్గర ఎక్కిళ్లు పెడుతుంది, 28 దగ్గర ఈల వేస్తుంది.

ఇక్కడ గోడ అంటే మెయిన్స్ ఉన్న ప్రైమరీ వైపును, మనం ముట్టుకునే సెకండరీ వైపును విడదీసే ఇన్సులేషన్. ఔట్‌పుట్‌ను కొలిచే చోటు, నాబ్, రెండూ గోడకు ఇవతల సెకండరీ వైపు ఉంటాయి. పవర్‌ను తెరిచి మూసే స్విచ్ గోడకు అవతల, 325 వోల్టుల డీసీ మీద ఉంటుంది. నాబ్‌నే అవతలికి మార్చి పని సులువు చేసుకుందామనే ఆలోచన మొదట్లోనే వదిలేయండి. పాట్ (నాబ్ తిప్పే రెసిస్టర్) షాఫ్ట్, దాని వైర్లు, బిగించిన ప్యానెల్ అన్నీ మెయిన్స్‌తో ముడిపడతాయి. కాబట్టి ఏదో ఒక సిగ్నల్ గోడ దాటాలి. అది ఎంత వేగంగా, ఎంత కచ్చితంగా దాటాలన్న దాన్ని బట్టే డిజైన్ ఏ దారి పట్టాలో తేలుతుంది.

దారులు ఐదు. 50 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్‌తో పూర్తి లీనియర్, అంటే మిగులు వోల్టేజీని ట్రాన్సిస్టర్‌లో వేడిగా వదిలేసేది. లూప్ మొత్తాన్ని ఆప్టోకప్లర్ గుండా నడిపే స్విచింగ్ సప్లై. కంట్రోలర్‌నే సెకండరీలో పెట్టి డ్రైవ్ ట్రాన్స్‌ఫార్మర్‌తో స్విచ్‌లను నడపడం. రెడీమేడ్ 36 వోల్టుల సప్లై వెనక, వోల్టేజీని దించే బక్ కన్వర్టర్. చివరిది, అవుట్‌పుట్‌ను వెంబడించే స్విచింగ్ ముందు దశ, దాని వెనక లీనియర్. మా మొగ్గు ముందే చెప్పేస్తాం: మొదటిసారి కట్టేవాళ్లకు నాలుగోది, మంచి ల్యాబ్ సప్లై కావాలంటే ఐదోది. రెండోదాన్ని చాలామంది ఎంచుకుంటారు, ఎక్కువమంది ఇరుక్కునేదీ అక్కడే. అందుకే దాని గురించే ఎక్కువ చెప్పాలి.

ముందు లీనియర్ సంగతి

1.5 ఆంపియర్ల దాకా చాలనుకుంటే ఇంకేమీ ఆలోచించకండి. గోడ పని ట్రాన్స్‌ఫార్మర్ చూసుకుంటుంది, లూప్ మొత్తం సెకండరీలోనే ఉంటుంది. అడ్డు వచ్చేది వేడి. 30 వోల్టులు పూర్తి లోడ్‌తో రావాలంటే ఫిల్టర్ కెపాసిటర్ మీద 40 వోల్టుల దాకా ఉండాలి. ఔట్‌పుట్ షార్ట్ అయినప్పుడు ఆ 40 మొత్తం ఔట్‌పుట్‌కు సిరీస్‌లో ఉండే పాస్ ట్రాన్సిస్టర్ మీద పడుతుంది. 1.5 ఆంపియర్లకు 60 వాట్లు, ఒక పెద్ద హీట్‌సింక్‌తో సరి. 5 ఆంపియర్లకు 200 వాట్లు. ఊళ్లో కరెంటు 250 వోల్టులు దాటే వేళల్లో ఇంకా ఎక్కువ. రిలేలతో ట్యాపులు మారిస్తే సగానికి తగ్గుతుంది కానీ ట్యాప్ మారే క్షణంలో ఔట్‌పుట్‌లో చిన్న కుదుపు కనిపిస్తుంది.

ఆప్టో గుండా లూప్ మొత్తం

మొదటి చిక్కు టీఎల్431తోనే. దానికి కేథోడ్ మీద కనీసం 2.5 వోల్టులు కావాలి, ఆప్టో ఎల్‌ఈడీకి ఇంకో 1.2, సిరీస్ రెసిస్టర్‌కి కొంత. అంటే ఔట్‌పుట్ నుంచే దానికి తిండి పెడితే 4 వోల్టుల కిందకు సప్లై దిగదు. పైన 36 వోల్టుల హద్దు. 1 మిల్లీఆంపియర్ కనీస కరెంటు అందకపోతే దాని రెఫరెన్సే జారిపోతుంది. అందుకే అడాప్టర్లలో ఆప్టో ఎల్‌ఈడీకి సమాంతరంగా 1 కిలోఓమ్ కనిపిస్తుంది.

రెండో చిక్కు కళ్లకు కనపడదు. ఎల్‌ఈడీ పై కొసను 1 కిలోఓమ్ ద్వారా ఔట్‌పుట్‌కే కలిపారనుకోండి. ఔట్‌పుట్ 1 వోల్టు కదిలితే, టీఎల్431 ఏం చేసినా చేయకపోయినా, ఎల్‌ఈడీ కరెంటు 1 మిల్లీఆంపియర్ కదులుతుంది. మీరు లెక్కగట్టిన కాంపెన్సేషన్‌ను (లూప్ ఊగకుండా చూసే రెసిస్టర్, కెపాసిటర్ నెట్‌వర్క్) పక్కనబెట్టి ఇంకో దొడ్డిదారి లూప్ నడుస్తున్నట్టే. స్థిర వోల్టేజీ సప్లైలో ఈ దారిని లెక్కలో కలుపుకుని డిజైన్ చేస్తారు. వేరియబుల్‌లో దీన్ని మూసేయడమే మేలు. ఎల్‌ఈడీకి విడిగా 12 వోల్టుల సహాయక సప్లై ఇవ్వండి, ఎర్రర్ యాంప్‌గా (కొలతకు, సెట్టింగ్‌కు తేడా చూసేది) ఆప్ యాంప్ పెట్టండి, టీఎల్431ను రెఫరెన్స్‌గా మాత్రమే వాడండి.

సహాయక సప్లైకి ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరికే 12-0-12, 500 మిల్లీఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. 7812, 7912లతో ప్లస్ మైనస్ 12 వస్తాయి. ప్రైమరీలోని కంట్రోలర్‌కి కూడా విడి సప్లై కావాలి కాబట్టి, ఒక సగం అటు, ఒక సగం ఇటు వాడుకుందామన్న దురాశ పుడుతుంది. అలా చేయొద్దు. ఆ రెండు సగాలూ ఒకే బాబిన్ మీద ఒకదాని పక్కన ఒకటి చుట్టి ఉంటాయి, మధ్యలో ఉన్నది వైరు మీది ఎనామిల్ మాత్రమే. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు కొనండి.

కంట్రోలర్‌కి విడి సప్లై ఎందుకంటే, మామూలు ఫ్లైబ్యాక్‌లో (స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌లో శక్తి దాచి, ఆఫ్ అయ్యాక ఔట్‌పుట్‌కు ఇచ్చే రకం) అది మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ మీదే ఉన్న చిన్న వైండింగ్ నుంచి బతుకుతుంది. ఆ వైండింగ్ వోల్టేజీ ఔట్‌పుట్ వెంటే పెరుగుతుంది, తగ్గుతుంది. 30 దగ్గర 18 వోల్టులిచ్చే వైండింగ్ 5 దగ్గర 3 వోల్టులిస్తుంది. కంట్రోలర్ చిప్ యూసీ3842 అయితే 10 వోల్టుల కింద ఆగిపోతుంది, మళ్లీ 16 దాకా నిండాలి, మళ్లీ మొదలు. పైన చెప్పిన ఎక్కిళ్లకు మూలం ఇదే. యూసీ3843 8.4 దగ్గర లేచి 7.6 దగ్గర పడుతుంది. స్థిరమైన 12 వోల్టుల మీద నడపడానికి ఇదే అనువు, 16 రాకుండా 3842 అసలు లేవదు.

ఇక పీసీ817. అక్షరం చూడకుండా కొంటే కరెంటు బదిలీ నిష్పత్తి (ఎల్‌ఈడీ కరెంటులో ఎంత శాతం అవతలి ట్రాన్సిస్టర్‌లో వస్తుందన్నది) 50 నుంచి 600 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంటే లూప్ గెయిన్‌లో పన్నెండింతల తేడా. ఒకే బోర్డు, ఒకే లెక్క, రెండు ఆప్టోలు: ఒకటి నిద్రమత్తులో ఉంటుంది, ఇంకోటి ఊగిపోతుంది. సి గ్రేడు అయితే 200–400, తేడా రెండింతలే. కోఠీ గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో విడిగా కొనేటప్పుడు 817 తర్వాతి అక్షరం చూసి తీసుకోండి. పైగా ఆ అంకెలు 5 మిల్లీఆంపియర్ల దగ్గరివి. మన సర్క్యూట్లో నడిచేది ఒకటి రెండు మిల్లీఆంపియర్లు, అక్కడ నిష్పత్తి ఇంకా తక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ, వేడికి ఎల్‌ఈడీ మసకబారి మరింత పడుతుంది. కొత్తదానితో లెక్కగట్టిన దానిలో సగానికి పడినా పని జరిగేలా రెసిస్టర్ ఎంచుకోవాలి. కంట్రోలర్‌కి 1 మిల్లీఆంపియర్ లాగాలి, ముసలి ఆప్టో 50 శాతం ఇస్తుందనుకుంటే ఎల్‌ఈడీకి 2 కావాలి. 12 వోల్టుల నుంచి 3.3 కిలోఓమ్ పెడితే 3 దగ్గర దాకా దొరుకుతుంది, ఊపిరాడుతుంది.

వేగం విషయంలో డేటాషీట్‌లో 80 కిలోహెర్ట్జ్ అని చూసి మురిసిపోకండి, అది 100 ఓమ్‌ల లోడ్ దగ్గరిది. కలెక్టర్‌లో కొన్ని కిలోఓమ్‌లు పెట్టగానే అది కొన్ని కిలోహెర్ట్జ్‌కు దిగిపోతుంది. ఫోటోట్రాన్సిస్టర్ కలెక్టర్, బేస్‌ల మధ్య కెపాసిటెన్స్ (మిల్లర్ కెపాసిటెన్స్), కలెక్టర్ వోల్టేజీ కదిలినప్పుడల్లా గుణించుకుని అడ్డుపడుతుంది. మందు కూడా అందులోనే ఉంది: కలెక్టర్ వోల్టేజీని కదలనివ్వకపోతే సరి. ఎలాగో కిందే ఉంది. అది చేసినా లూప్ క్రాసోవర్‌ను (గెయిన్ ఒకటికి పడే ఫ్రీక్వెన్సీ) 1–2 కిలోహెర్ట్జ్ దాటించాలని చూడకండి.

ఆప్టో పాడైతే ఏమవుతుంది?

ఈ ప్రశ్న వేయకుండా వేరియబుల్ సప్లై కట్టకూడదు. మామూలు అడాప్టర్ సర్క్యూట్లో ఎల్‌ఈడీ వెలిగితే పవర్ తగ్గుతుంది. ఎల్‌ఈడీ పోయినా, టంకం ఊడినా, సహాయక సప్లై పడిపోయినా కంట్రోలర్ పూర్తి పవర్ ఇస్తుంది. 3.3 వోల్టులకు సెట్ చేసి బోర్డు తగిలించుకున్నవాళ్లకు అప్పుడు 40 వోల్టులు వెళ్తాయి. స్విచ్ ఆపినప్పుడూ ఇదే ప్రమాదం: 50 హెర్ట్జ్ సహాయక సప్లై ముందే ఆరిపోయి, 325 వోల్టుల కెపాసిటర్‌లో ఇంకా శక్తి మిగిలి ఉంటే, ఆ ఆఖరి క్షణాల్లో ఔట్‌పుట్ ఎగిరిపడుతుంది.

సహాయక సప్లైలు విడిగా ఉన్నాయి కాబట్టి ఇక్కడ అడాప్టర్ చేయలేని పని మనం చేయొచ్చు: తర్కాన్ని తిరగేయడం. యూసీ3843లో ఎర్రర్ యాంప్ ఇన్‌పుట్ పిన్‌ను దాని 5 వోల్టుల రెఫరెన్స్‌కు 4.7 కిలోఓమ్‌తో లాగండి. అదే పిన్ నుంచి ఎర్రర్ యాంప్ ఔట్‌పుట్ అయిన కాంప్ పిన్‌కు ఇంకో 4.7 కిలోఓమ్. ఆప్టో కలెక్టర్ ఆ ఇన్‌పుట్ పిన్‌కే, ఎమిటర్ ప్రైమరీ గ్రౌండ్‌కు. ఎల్‌ఈడీ ఆరితే కాంప్ సున్నాకు పోతుంది, పవర్ ఆగిపోతుంది. ఆప్టో సుమారు అర మిల్లీఆంపియర్ లాగితే కాంప్ 2.5 దగ్గర, 1 మిల్లీఆంపియర్ లాగితే పైకొసకు. పైగా ఎర్రర్ యాంప్ ఆ పిన్‌ను ఎప్పుడూ 2.5 వోల్టుల దగ్గరే పట్టి ఉంచుతుంది కనుక కలెక్టర్ కదలదు, ఆప్టో వేగం పెరుగుతుంది. రెండు రెసిస్టర్లకు ఇంత లాభం వేరే చోట దొరకదు.

సెకండరీలో అప్పుడు కొలత ఇలా ఉంటుంది. ఎల్‌ఈడీకి 12 వోల్టుల నుంచి 3.3 కిలోఓమ్ ద్వారా కరెంటు వస్తూనే ఉంటుంది. వోల్టేజీ ఆప్ యాంప్, కరెంటు ఆప్ యాంప్, రెండూ చెరో 1ఎన్4148 డయోడ్ ద్వారా ఎల్‌ఈడీ ఆనోడ్‌ను కిందికి లాగుతాయి. ఏది ముందు ‘చాలు’ అంటే దాని మాట చెల్లుతుంది.

ఇందులో దాగి ఉన్న చిక్కు: కరెంటు లిమిట్ నడుస్తున్నంతసేపూ వోల్టేజీ ఆప్ యాంప్ పని లేక పై రైలుకు అతుక్కుని ఉంటుంది, దాని కాంపెన్సేషన్ కెపాసిటర్ నిండిపోయి ఉంటుంది. షార్ట్ తీసేయగానే అది రైలు నుంచి దిగి వచ్చేలోపు ఔట్‌పుట్ సెట్ చేసినదాన్ని దాటిపోతుంది. కాంపెన్సేషన్ నెట్‌వర్క్‌కు సమాంతరంగా ఒక చిన్న జెనర్ పెట్టి, ఔట్‌పుట్ పనిచేసే చోటుకు ఒకటి రెండు వోల్టుల కంటే పైకి పోకుండా కట్టేయండి. ఈ క్లాంప్ లేని సప్లై కాగితం మీద ఎంత స్థిరంగా ఉన్నా, ల్యాబ్‌లో చిప్‌లు కాల్చేది అదే.

నాబ్ ఎక్కడ కలపాలి

ఔట్‌పుట్‌ను కొలిచే రెండు రెసిస్టర్ల డివైడర్‌లో కింది రెసిస్టర్ బదులు పాట్ పెట్టొచ్చు. దాని కాంటాక్ట్ ఊడితే ఔట్‌పుట్ కిందికి పడుతుంది, మంచిదే. పై రెసిస్టర్ బదులు పెడితే కాంటాక్ట్ ఊడిన క్షణాన ఔట్‌పుట్ ఆకాశాన్నంటుతుంది. పైగా లూప్ గెయిన్ పై రెసిస్టర్ మీదే ఆధారపడుతుంది కాబట్టి నాబ్ తిప్పినప్పుడల్లా స్థిరత్వం మారిపోతుంది. కింది పాట్‌కీ లోపం ఉంది: 2.5 కిందకు దిగదు, పై వోల్టులన్నీ నాబ్ ఆఖరి కొసలో ఇరుక్కుంటాయి. మూడో పద్ధతే సరైనది. డివైడర్ స్థిరంగా 22 కిలోఓమ్, 2 కిలోఓమ్, నిష్పత్తి 12. రెఫరెన్స్‌ను పాట్‌తో 0–2.5 మధ్య మార్చండి. ఔట్‌పుట్ 0–30, నాబ్ సమంగా తిరుగుతుంది, గెయిన్ కదలదు. పాట్ నడిమి కొసకు, గ్రౌండ్‌కు మధ్య 1 మెగాఓమ్ పెడితే, కాంటాక్ట్ ఊడినా సెట్టింగ్ సున్నాకు పోతుంది.

కరెంటు వైపు షంట్ (కరెంటు కొలిచే చిన్న రెసిస్టర్) 0.02 ఓమ్, 2 వాట్లది. 5 ఆంపియర్లకు 100 మిల్లీవోల్టులు, అర వాటు వేడి. ఇక్కడ ఎల్‌ఎమ్358 పెట్టారంటే దాని ఆఫ్‌సెట్ 7 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చు, అంటే 0.35 ఆంపియర్ తప్పు. 50 మిల్లీఆంపియర్ లిమిట్ పెట్టాలనుకున్నవాళ్లకు ఇది నవ్వులాట. ఓపీ07 అయితే ఆఫ్‌సెట్ 0.1 మిల్లీవోల్టు పరిధిలో, తప్పు కొన్ని మిల్లీఆంపియర్లు. దానికి మైనస్ రైలు కావాలి, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ అక్కడ అక్కరకొస్తుంది. షంట్‌కు వెళ్లే కొలత వైర్లు రెండూ షంట్ కాళ్ల దగ్గరి నుంచే రావాలి. 5 ఆంపియర్లు నడిచే రాగి దారిలో రెండు సెంటీమీటర్లు కలిసినా కొలత తప్పుతుంది.

ఫ్లైబ్యాక్ టోపాలజీ ఎందుకు ఒప్పదు

ఇంతా చేసి ఆప్టో దారిలో ఫ్లైబ్యాక్ కడితే కింది వోల్టుల్లో ఇంకో గండం ఉంది. ప్రైమరీ 500 మైక్రోహెన్రీలు, 100 కిలోహెర్ట్జ్, సెకండరీ చుట్లు ప్రైమరీలో 0.31 వంతు అనుకుందాం. ఔట్‌పుట్ షార్ట్ అయింది. కంట్రోలర్ ఎంత తగ్గించినా స్విచ్ కనీసం 0.4 మైక్రోసెకండ్ ఆన్‌లోనే ఉంటుంది. 325 వోల్టులతో ప్రతిసారీ 0.26 ఆంపియర్ ఎక్కుతుంది. దిగేటప్పుడు మాత్రం డయోడ్ 0.7 వోల్టే సాయం, ప్రైమరీ లెక్కలో 2.3 వోల్టులు, 10 మైక్రోసెకండ్లలో దిగేది 0.05 ఆంపియరే. ప్రతి చక్రానికి 0.2 చొప్పున మెట్లెక్కుతుంది, కరెంటు లిమిట్ కళ్లు తెరిచి చూస్తూనే ఉంటుంది. ఔట్‌పుట్ 10–30 మధ్య మారితే చాలు, షార్ట్ అయితే ఆగి మళ్లీ ప్రయత్నించినా ఫర్వాలేదు అనుకునేవాళ్లకు ఫ్లైబ్యాక్ బాగానే ఉంటుంది. సున్నా దాకా కావాలంటే రెండు స్విచ్‌ల ఫార్వర్డో, హాఫ్ బ్రిడ్జో వేసుకోవాలి.

ఆప్టో వద్దు, సహాయక వైండింగ్ చూసి ఔట్‌పుట్ ఊహించే ప్రైమరీ సైడ్ రెగ్యులేషన్ పెట్టుకుంటామంటారా? స్విచింగ్ జరిగితేనే దానికి ఔట్‌పుట్ కనపడుతుంది, కాబట్టి ఎప్పుడూ కొంత లోడ్ ఉండాలి, తప్పు కొన్ని శాతాల్లో ఉంటుంది. ఫోన్ ఛార్జర్‌కి సరే, బెంచ్‌కి కాదు.

పీసీ817 బదులు ఖరీదైన చిప్‌లు: హెచ్‌సీఎన్‌ఆర్201, ఐఎల్300 లీనియర్ ఆప్టోలు, ఎల్‌ఈడీ వెలుగును రెండో ఫోటోడయోడ్‌తో కొలిచి ముసలితనాన్ని సరిదిద్దుకుంటాయి. ఏడీయూఎమ్3190 ఐసొలేటెడ్ ఎర్రర్ యాంప్‌లో ఎల్‌ఈడీయే లేదు, బ్యాండ్‌విడ్త్ 400 కిలోహెర్ట్జ్. మెయిన్స్ సప్లైకి దాని అన్న ఏడీయూఎమ్4190, 5 కిలోవోల్టులది తీసుకోవాలి. కంట్రోల్ మైక్రోకంట్రోలర్ ప్రైమరీలో ఉంటేనో, ఔట్‌పుట్ ఫిల్టర్ చిన్నదై లూప్ పదుల కిలోహెర్ట్జ్‌లో తిరగాల్సి ఉంటేనో ఇవి అవసరం. ఔట్‌పుట్‌లో 1000 మైక్రోఫారడ్ కూర్చుని ఉన్న చోట వాటికి పెట్టిన డబ్బు వృథా.

కంట్రోలర్‌ను ఇవతలికి తెచ్చేయడం

పాత కంప్యూటర్ సప్లైల్లో టీఎల్494, లేదా దాని జంట కేఏ7500, సెకండరీ వైపే ఉంటుంది. గోడ దాటేది ఆన్, ఆఫ్ పల్సులు మాత్రమే, చిన్న డ్రైవ్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా. అనలాగ్ సిగ్నల్ దాటే పనే లేదు, కాబట్టి బదిలీ నిష్పత్తి, ముసలితనం, మిల్లర్ కెపాసిటెన్స్ అనే మాటలే రావు. సహాయక సప్లై పోతే పల్సులు ఆగిపోతాయి, ఔట్‌పుట్ పడిపోతుంది. చిప్‌లో రెండు ఎర్రర్ యాంప్‌లు ముందే కలిపి ఉన్నాయి: ఒకటి వోల్టేజీకి, ఒకటి కరెంటుకు. పాత ఏటీఎక్స్‌ను బెంచ్ సప్లైగా మార్చే పని ఇన్నేళ్లుగా నడుస్తున్నది అందుకే.

జాగ్రత్తలు రెండు. టీఎల్494లో ఎర్రర్ యాంప్ ఔట్‌పుట్ పెరిగితే పవర్ తగ్గుతుంది, కాబట్టి ఔట్‌పుట్ కొలత పిన్ 1కు, సెట్టింగ్ పిన్ 2కు, కాంపెన్సేషన్ పిన్ 3 నుంచి 2కు. నాబ్ వైపు రెసిస్టెన్స్ కూడా గెయిన్‌లో భాగమైపోతుంది. 10 కిలోఓమ్ పాట్ మధ్యలో ఉన్నప్పుడు 2.5 కిలోఓమ్‌గా కనిపిస్తుంది, కొసల్లో సున్నాగా. మధ్యలో 47 కిలోఓమ్ పెడితే ఆ తేడా మునిగిపోతుంది.

రెండోది ఔట్‌పుట్ ఫిల్టర్. 100 మైక్రోహెన్రీలు, 1000 మైక్రోఫారడ్ అయితే అనునాదం 500 హెర్ట్జ్ దగ్గర. కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్ 50 మిల్లీఓమ్ ఉంటే 3.2 కిలోహెర్ట్జ్ దగ్గర అది పోయిన ఫేజ్‌లో కొంత తిరిగి తెస్తుంది, లూప్‌ను 2–3 కిలోహెర్ట్జ్ దగ్గర దాటించొచ్చు. ‘మంచి’ కెపాసిటర్ అని తక్కువ రెసిస్టెన్స్ ఉన్నది మార్చగానే ఊగడం మొదలైతే ఆశ్చర్యపోకండి, మీ లెక్క ఆనుకున్న గోడనే తీసేశారు. లోడ్ లేనప్పుడు ఇండక్టర్ కరెంటు తెగిపోయి లూప్ మందగిస్తుంది, పైగా నాబ్ కిందికి తిప్పితే ఔట్‌పుట్ దిగే దారి ఉండదు. ఔట్‌పుట్‌కు అడ్డంగా 1 కిలోఓమ్ బ్లీడర్ ఉంటే 30 నుంచి 5కు దిగడానికి దాదాపు 1.8 సెకండ్లు. 50 మిల్లీఆంపియర్ల స్థిర కరెంటు సింక్ పెడితే అర సెకండు.

బ్యాటరీ ఛార్జింగ్‌కు, మోటార్లకు, ఎల్‌ఈడీ స్ట్రిప్‌లకు ఇది గట్టి సప్లై. సున్నితమైన బోర్డులకు మాత్రం ఆ 1000 మైక్రోఫారడ్ శత్రువే. 30 వోల్టుల దగ్గర అందులో 0.45 జౌల్ ఉంటుంది. కరెంటు లిమిట్ 20 మిల్లీఆంపియర్ అని పెట్టి ఎల్‌ఈడీ తగిలిస్తే, లిమిట్ మేలుకునేలోపే ఆ శక్తి దాని గుండా వెళ్లిపోతుంది.

రెడీమేడ్ 36 వోల్టులు, వెనక బక్

గోడ దాటే పని కొన్న సప్లై లోపలే ముగిసిపోతుంది. దాని ఆప్టో ఒకే వోల్టేజీ దగ్గర, కంపెనీ సరిచూసిన చోటే పని చేస్తుంది. మీరు రాసుకోవాల్సింది బక్ లూప్ ఒక్కటే, అదీ మామూలు గ్రౌండ్ మీద. వోల్టేజీ మోడ్ బక్‌లో ఒక సుగుణం ఉంది: లూప్ గెయిన్ ఇన్‌పుట్ వోల్టేజీ మీద ఆధారపడుతుంది, ఔట్‌పుట్ మీద కాదు. ఇన్‌పుట్ 36 దగ్గర కదలకుండా ఉంటే, 2 వోల్టుల దగ్గరా 28 దగ్గరా గెయిన్ ఒకటే. ఆప్టో గుండా ఇంత చాకిరీ చేసి సాధించాలనుకున్నది ఇక్కడ ఉట్టినే వస్తుంది.

ఎక్స్‌ఎల్4016 మాడ్యూళ్ల రెఫరెన్స్ 1.25 వోల్టు, కాబట్టి కింద 1.25 దగ్గర ఆగుతాయి. ఇన్‌పుట్ గరిష్ఠం 40, కనుక 48 వోల్టుల సప్లై తగిలించకండి. స్విచ్‌లోనూ వైర్లలోనూ కొంత పోతుంది. 36 నుంచి పూర్తి లోడ్‌తో 30 నిలబెట్టొచ్చు. 8 ఆంపియర్లన్న మాటను చిన్న హీట్‌సింక్‌తో నమ్మకండి, 5 దగ్గరే ఫ్యాన్ కావాలి.

ఎర్త్ లేని సాకెట్‌లో పెడితే ఔట్‌పుట్ ముట్టుకున్నప్పుడు చిమచిమలాడుతుంది. లోపల గోడకు అటూ ఇటూ కలిపే 2.2 నానోఫారడ్ వై కెపాసిటర్ గుండా 230 వోల్టులకు 0.16 మిల్లీఆంపియర్ దాకా వస్తుంది. మనిషికి హాని కాదు కానీ టంకం పెడుతున్న మాస్‌ఫెట్ గేటుకు హానే. ఎర్త్ కలపండి, వై కెపాసిటర్ పీకేయకండి.

వెంబడించే ముందు దశ, వెనక లీనియర్

ల్యాబ్ సప్లైకి మేం ఎంచుకునేది ఇదే, ఎందుకంటే గోడ దాటే సిగ్నల్ ఇక్కడ మొరటుగా ఉన్నా నష్టం లేదు. స్విచింగ్ దశ ఔట్‌పుట్‌ను పట్టించుకోదు, పాస్ ట్రాన్సిస్టర్ మీద ఎంత మిగిలిందో అంతే చూస్తుంది. ట్రాన్సిస్టర్ ఇటు అటు మధ్య ఒక 2.4 వోల్టుల జెనర్, ఆప్టో ఎల్‌ఈడీ, 470 ఓమ్ సిరీస్‌లో పెట్టండి. తేడా 3.5–4 వోల్టులు దాటగానే ఎల్‌ఈడీ వెలుగుతుంది, ముందు దశ తగ్గుతుంది. 5 ఆంపియర్లకు వేడి 20 వాట్ల దగ్గర. ఈ తేడా 3.5 అయినా 4.2 అయినా ఔట్‌పుట్‌కు తెలియదు. ఆప్టో ముసలిదైనా, లూప్ 300 హెర్ట్జ్ దగ్గరే నడిచినా ఇబ్బంది లేదు. వేగం, కచ్చితత్వం లీనియర్ లూప్ సెకండరీలోనే 20–50 కిలోహెర్ట్జ్‌తో చూసుకుంటుంది, ఔట్‌పుట్ కెపాసిటర్ 47 మైక్రోఫారడ్ చాలు. అందులో శక్తి 30 వోల్టుల దగ్గర 21 మిల్లీజౌళ్లే.

ఎల్‌ఈడీ ఆరితే పూర్తి పవర్ అన్న పాత తర్కం ఇక్కడ మళ్లీ వచ్చింది, కానీ ఈసారి లీనియర్ అడ్డుగా ఉంది: ఔట్‌పుట్ చెదరదు, ట్రాన్సిస్టర్ కాలుతుంది. దాని హీట్‌సింక్ మీద 80 డిగ్రీల థర్మల్ స్విచ్ పెట్టి, ప్రైమరీ కంట్రోలర్ సహాయక ట్రాన్స్‌ఫార్మర్ ఇన్‌పుట్ దాని గుండా వెళ్లేలా చేయండి, ఆ స్విచ్ మెయిన్స్ రేటింగ్‌దై, ఇన్సులేషన్ స్లీవ్‌తో ఉండాలి.

ట్రాన్సిస్టర్ ఎంపికలో తప్పేది ఇక్కడ: 30 వోల్టుల దగ్గర ఔట్‌పుట్ హఠాత్తుగా షార్ట్ అయితే ముందు కెపాసిటర్ మీద ఇంకా 34 వోల్టులుంటాయి. 1000 మైక్రోఫారడ్ 5 ఆంపియర్లతో ఖాళీ కావడానికి 6 మిల్లీసెకండ్లకు పైగా. అంతసేపూ 170 వాట్ల దగ్గర మొదలై తగ్గే భారం. ఒక్క టీఐపీ3055 నిలబడదు. రెండు ఎమ్‌జే15003లు, ఎమిటర్లలో చెరో 0.1 ఓమ్‌తో సమాంతరంగా పెట్టండి. ముందు కెపాసిటర్‌ను పెంచుకుంటూ పోకండి, రిపుల్ తగ్గుతుంది కానీ ఈ ఆరు మిల్లీసెకండ్లు పెరుగుతాయి. నాబ్ గబుక్కున పైకి తిప్పితే ముందు దశ వచ్చేదాకా ఔట్‌పుట్ కాస్త ఆలస్యంగా ఎక్కుతుంది. అది లోపం కాదు.

ఏ దారైనా బోర్డు మీద చూడాల్సినవి

పీసీ817 రెండు వరుసల కాళ్ల మధ్య 7.62 మిల్లీమీటర్లు, ప్యాడ్లు వేశాక 6 మిగులుతుంది. కింద రాగి పోనివ్వకుండా, బోర్డులో గాడి కోయించండి. కాళ్లు వెడల్పుగా వంచిన 10.16 రకం దొరికితే ఇంకా మంచిది. గోడ మీద కెపాసిటర్ వై1 రకమే, మామూలు 1 కిలోవోల్టు సిరామిక్ కాదు.

మొదటిసారి సిరీస్ బల్బుతో, 100 వాట్లది, వెలిగించండి. స్కోప్ గ్రౌండ్ క్లిప్‌ను ప్రైమరీకి తగిలించకండి, దాని ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసి కొలిచే అలవాటు ఉంటే మానుకోండి. డిఫరెన్షియల్ ప్రోబ్ గానీ, సప్లైకి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ వాడండి. సెకండరీలో లోడ్‌ను మాస్‌ఫెట్‌తో 0.5 నుంచి 2.5 ఆంపియర్లకు సెకండుకు వందసార్లు మార్చి, 3, 12, 30 వోల్టుల దగ్గర ఔట్‌పుట్ చూడండి. ఒకసారి వంగి లేస్తే సరి, రెండు మూడు అలలు కనిపిస్తే కాంపెన్సేషన్ కెపాసిటర్ పెంచండి. 30 దగ్గర బాగుంటే 3 దగ్గరా బాగుంటుందనుకోవద్దు. వేరియాక్‌తో (వోల్టేజీ మార్చే ట్రాన్స్‌ఫార్మర్) ఇన్‌పుట్ 180కి దించి, 260కి పెంచి ఇదే మళ్లీ చేయండి.

తర్వాత డమ్మీ లోడ్ తప్ప ఇంకేమీ తగిలించకుండా సప్లైని 5 వోల్టుల దగ్గర పెట్టి ఆపండి. ఆప్టో ఎల్‌ఈడీ కాలు ఒకటి ఊడదీసి మళ్లీ వెలిగించండి. ఔట్‌పుట్ మీటర్ ఎటు కదిలిందో చూశాకే పెట్టె మూత బిగించండి.